మూడు నీళ్లు కడిగిన పురుగులు

ఆ రోజుల్లో సౌదీలోని మా తాయిఫ్ క్యాంపులో జరిగిన బిర్యానీ కథను నేను ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. పెళ్లిళ్లలో చెప్పాను, విమానంలో పక్కసీటు మనిషికి చెప్పాను, ఇప్పుడు పనిచేస్తున్న ఖోబర్‌లో కొత్తగా దిగిన కుర్రాళ్లకు చాయ్ తాగుతూ చెప్పాను. అందరూ కడుపుబ్బ నవ్వారు. చెప్పిన ప్రతిసారీ ఒక్క మాట మింగేశాను. బిర్యానీకి మసాలా పట్టించిన కోడిమాంసంలో కనబడ్డ ఆ తెల్లపురుగులు మాంసంలో పుట్టినవి కావు. నావి. నేనే పెంచాను, నేనే కడిగాను, నేనే మెస్ ఫ్రిజ్‌లో పెట్టాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. జగిత్యాల వైపు నుంచి పైపుల పనికి వచ్చాను. పార సరిగా పట్టడం రాదు గానీ చేపలు పట్టడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం (నమ్మింది నేనొక్కణ్ణే). క్యాంపుకు అరగంట నడకలో, కొండల మధ్య వాగుకు అడ్డంగా చిన్న కట్ట ఉండేది. దాని వెనక నడుంలోతు నీళ్లు, ఆ నీళ్లలో మూతికి అటూ ఇటూ చిన్న మీసాలున్న చేపలు. ఎండాకాలం పిండిముద్దకే పడేవి. చలికాలం వచ్చేసరికి, తాయిఫ్ చలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, అవి అడుగున రాళ్ల సందుల్లో చేరి నా పిండిముద్దను చూసీ చూడనట్టు ఊరుకునేవి. వానపాముల కోసం తవ్వితే రాయి కింద ఇంకో రాయి తగిలేది. శుక్రవారం ఖాళీ సంచితో తిరిగొచ్చినప్పుడల్లా మా గదిలో పెద్దవాడైన పెద్దపల్లి మామ మంచం మీంచి లేవకుండానే అడిగేవాడు. "ఏం మాస్టరూ, చేపలు సెలవు మీద పోయినయా?"

మాస్టర్ అనే ఆ బిరుదు వెక్కిరింపని నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

మా సైటులో ఇంగ్లండు నుంచి వచ్చిన ముసలి సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. ఆయనకూ చేపల పిచ్చి. తమ దేశపు నదుల్లోనూ ఇలాంటి మీసాల చేపే ఉంటుందని, చలికి దాని ఆకలి చచ్చిపోతుందని, పెద్ద ఎర వేస్తే ముట్టదని, ఈగ పురుగులు రెండే రెండు చిన్న గాలానికి గుచ్చి, ముందు గుప్పెడు పురుగులు నీళ్లలో చల్లి, ఎండ కాస్త ముదిరేదాకా కదలకుండా కూర్చోవాలని చేతులతో చేసి చూపించాడు. పురుగుల్ని గోధుమ పొట్టులో వేసి చల్లటిచోట ఉంచితే చాలా రోజులు బతుకుతాయట. చివర్లో వేలు చూపించి మరీ చెప్పాడు, పొడిగా ఉంచాలి, తడిస్తే గోడలెక్కుతాయి అని. నేను ముందరి మాటలన్నీ భక్తిగా విన్నాను. గోడల మాట దగ్గర, ముసలాయన సరదాకి అంటున్నాడనుకుని నవ్వాను.

జనరేటర్ గది వెనక వెచ్చటి మూలలో కోడి పేగులు డబ్బాలో పెట్టి పది రోజుల్లో పంట తీశాను. మొదటి శుక్రవారమే తొమ్మిది చేపలు. క్యాంపులో నా నడకే మారిపోయింది. "ఏం ఎర పెట్టినవ్ రా?" అని మామ అడిగితే, "మా తాత చెప్పిన మందు మామా, బయటికి చెప్తే పనిచెయ్యదు" అన్నాను. (మా తాత జీవితంలో గాలం పట్టి ఎరగడు.)

ఆ చేపల్ని పులుసు పెట్టింది, మేమంతా చిన్నాన్న వరసలో చిచ్చా అని పిలిచే పెద్దాయన. హైదరాబాదు పాతబస్తీ మనిషి, యాభై దాటినవాడు, మా ముప్పైమంది మెస్‌కు వంటమనిషి. కాగితం మీద ఆయనా మాలాగే కూలీయే. మోకాళ్ల నొప్పులవల్ల, మెస్ వాళ్లందరూ ఒప్పుకున్నంతకాలం వంటింట్లో ఉండనిచ్చింది కంపెనీ. వద్దంటే మర్నాడే పార పట్టాలి. అది అందరికీ తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు కాబట్టి బియ్యంలో రాయి కాదు కదా, నూక కూడా ఉండనిచ్చేవాడు కాదు.

మిగిలిన పురుగుల్ని పాలపొడి డబ్బాలో పోసి, మూతకు చిల్లులు పెట్టి, ఫ్రిజ్‌లో పచ్చళ్ల వెనక దాచాను. ఆ ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడిపోయి లోపలికంటే బయటే చలిగా ఉండేది. గురువారం సాయంత్రం చిచ్చా ముక్కు మూసుకుని, "ఫ్రిజ్‌ల ఏందో కంపు కొడ్తుంది బేటా, రేపు పొద్దుగాల అంత కడుగుతా" అన్నాడు. ఆయన నమాజుకు వెళ్లగానే డబ్బా తీసి, మా అమ్మ బియ్యం కడిగినట్టు ఆ పురుగుల్ని జల్లెడలో పోసి మూడు నీళ్లు కడిగాను. వాసన పోయింది. తళతళలాడాయి. తడి తడిగానే మళ్లీ డబ్బాలో పోసి, శుభ్రమైన పని చేశానన్న తృప్తితో పోయి పడుకున్నాను. ముసలాయన సరదాకి అనలేదని తెల్లారి తెలిసింది. అవి డబ్బా గోడలెక్కి, మూత చిల్లుల్లోంచి బయటపడి, పక్కనే మసాలా పట్టించిన కోడిమాంసంలో కాపురం పెట్టాయి. అరుపులు విని పరుగెత్తి, గుంపు మాంసం గిన్నె చుట్టూ మూగి ఉండగా, నా ఖాళీ డబ్బాను చొక్కా కింద పెట్టుకుని బయటపడ్డాను.

ఆ మధ్యాహ్నమే మెస్ మీటింగ్. దినమంతా మురుగు కాలువల్లో నిలబడి పనిచేసే మహానుభావులు, చెమట కంపు కొట్టే దుప్పట్లు నెలకోసారి ఉతికే శుచిమంతులు, ఆ రోజు చిచ్చా పరిశుభ్రత గురించి ఉపన్యాసాలిచ్చారు. "మాంసం కుళ్లిపోయిన దాక చూసుకోలె. అసుంటోడు మనకొద్దు" అన్నాడు మామ.

చిచ్చా గిన్నె పట్టుకునే నిలబడ్డాడు. "నిన్న మగ్రిబ్ నమాజు తర్వాత కోసిన తాజా మాల్ తమ్మీ. నా వంటింట్ల ఎన్నడన్న పురుగు చూసిండ్రా? మీరే చెప్పుండ్రి."

నేను చెప్పాలి. చెప్తే పురుగులతో పట్టిన చేపల పులుసు వాళ్లచేత తినిపించానని తెలుస్తుంది. నా తాత మందు ఏమిటో తెలుస్తుంది. తన్నులు తిన్నా వారం రోజుల్లో మానేవి. నాకు వాటికంటే నా మాస్టర్‌గిరి పోతుందన్న భయమే పెద్దది. "వద్దన్నోళ్లు చేతులు లేపుండ్రి" అన్నాడు మామ. ఎత్తకపోతే అనుమానం వస్తుందని, అందరికంటే ముందు, అందరికంటే ఎత్తుగా చెయ్యి లేపాను.

మర్నాడు చిచ్చా మాతోబాటు బస్సెక్కాడు. ఆ చలిలో పార పట్టుకుని, గుంతలోకి దిగేముందు మోకాలిని రెండు చేతులతో పట్టి దింపుకునేవాడు. వేసవి రాకముందే పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. నేను మరో మూడు వారాలు చేపలు పట్టాను. ఆ కథను ఇన్నేళ్లూ హాస్యమని చెప్పుకుని బతికాను.

పోయిన సెలవులో ఆయన ఇల్లు వెతుక్కుంటూ పాతబస్తీకి వెళ్లాను. గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను, కోడి పేగులు, పాలపొడి డబ్బా, మూడు నీళ్లు. ఆ పురుగులు నావి, మాఫ్ చెయ్యమన్నాను. ఏళ్ల తరబడి గొంతులో పెట్టుకున్నది కక్కేసినందుకు, సిగ్గులేనివాణ్ణి, కాస్త హాయిగా కూడా అనిపించింది.

మూడు నీళ్ల దగ్గర ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "పురుగుల సంగతి పోనీ బేటా" అన్నాడు. "ఏ ఇంట్ల పురుగు పడదు? నీకు జరమొచ్చినప్పుడు గంజి కాచి పోసిన నేను. వీడొక్కడు చెయ్యి లేపడు అని నీ దిక్కే చూసిన. ముందు నువ్వే లేపినవ్."

తెచ్చుకున్న క్షమాపణ పురుగులకు సరిపోయింది. దీనికి వేరే తెచ్చుకోలేదు. నలభై ఆరేళ్లవాణ్ణి, మాస్టర్‌ని, కుర్చీ పక్కకు జరిపి ఆయన ముందు నేలమీద కూర్చున్నాను.

"చెయ్యెత్తిన చిచ్చా," అన్నాను. "తప్పయింది."