అంతరిక్షం నుంచి వచ్చిన ఉత్త ఖబరు

మా వదినె పోయిందని వాళ్ల ఊరు నిర్ణా నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు వెంటనే ఏడుపు రాలేదు. "నిజంగనేనా?" అని అడిగాను. ఫోన్ చేసిన ఆమె కొడుకు నొచ్చుకోలేదు.

"ఈసారి నిజమే అత్తమ్మా. పొద్దున చాయ్ తాగి మంచంల ఒరిగింది. గంతే."

అలా అడగడానికి కారణం ఉంది. వదినె అంటే మా ఆయనకు అక్క. చాలా ఏళ్ల కింద ఆమె తలను కాకి తన్నింది. కాకి తన్నితే చావుగండమని, పోయినట్టు దగ్గరివాళ్లకు ఉత్త ఖబరు పంపి ఏడిపిస్తే ఆ గండం తప్పుతుందని మా వైపు నమ్మకం. ఆ ఖబరు నాకే పంపారు. బీదరు నుంచి నిర్ణా దాకా బస్సులో ఏడుస్తూనే పోయాను. తీరా చూస్తే ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"వచ్చినవా మరదలా? మంచిగ ఏడ్సినవా, లేకుంటె చదువుకున్నదాన్నని ఊకున్నవా?"

చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను.

ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. నేల మీద, గోడకు ఆనుకుని కూర్చునేది. ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా "ముందు తిను, తర్వాత ఏడ్వు" అనేది. కొడుకు కూతురిని చంక దించకుండా పెంచింది. ఆ పిల్ల సైన్యానికి, మా మాటలో ఫౌజుకు, ఎంపికైందని తెలిసిన రోజున మాత్రం ఇల్లు అదిరేలా అరిచింది. "ఫౌజెందుకే నీకు? సచ్చెటందుకా?" అంది. ఆ తర్వాత మనుమరాలితో మాటే బందు. అప్పటికే వదినె గుండె బలహీనమైంది. పిల్ల ప్రయాణం దగ్గరపడుతోంది. ఈ అలక మిగిలిపోతుందేమోనని నాకు భయంగా ఉండేది.

ఒకనాడు వదినె కళ్లు చూపించడానికి ఆమె, మనుమరాలు ఇద్దరూ బీదరులో, చిద్రిలోని మా ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం భోజనమయ్యాక పిల్ల టీవీ పెట్టింది. ఎప్పుడో రాబోయే కాలంలో, నక్షత్రాల మధ్య ఓడల్లో తిరిగే మనుషుల ఫౌజు చేసే యుద్ధం గురించిన కొత్త సీరియల్. తెలుగులో మాట్లాడుతున్నారు. అది మొదటి భాగం. వదినె టీవీకి వీపు పెట్టి చేటలో బియ్యం ఏరుతోంది. ఫిరంగుల చప్పుడుకు సగం తిరిగింది. కాసేపటికి పూర్తిగా తిరిగింది.

"గింత పెద్ద జహాజుల వంటిల్లు యాడ పెట్టిన్రు?" అని నన్నే అడిగింది.

"చూపించలేదు వదినె."

"మరి ఆ పిల్ల ఏం తిని కొట్లాడతది? మొకం సూడు, ఎట్ల పీక్కపోయిందో."

ఆ పిల్ల అంటే కథలో కొత్తగా చేరిన సిపాయి. యుద్ధంలో ఆమె ఓడ జాడ తెలియకుండా పోయింది. ఒక అధికారి భూమి మీద ఆమె ఇంటికి వచ్చి, మీ బిడ్డ ఇక లేదని తల్లికి చెప్పాడు. తల్లి కూలబడింది. మా వదినె చేతిలోని చేట జారింది. "అయ్యో బిడ్డా, గిందుకేనానే నిన్ను సాదింది!" అని బిగ్గరగా ఏడ్చింది. మనుమరాలు టీవీ ఆపబోతే వదినె వద్దని చెయ్యి ఊపింది. చివరికి, కాలిపోతున్న ఒక చందమామ వెనక నుంచి చిన్న విమానం బయటికి వచ్చింది. అందులో ఆ సిపాయి బతికే ఉంది. మొదటి భాగం అక్కడికి అయిపోయింది.

వదినె కొంగుతో ముఖం తుడుచుకుని మనుమరాలి వైపు తిరిగింది.

"సూసినవానే? ఉత్త ఖబరు పంపిన్రు. తల్లి ఏడ్సింది, నేను ఏడ్సిన. గండం పోయింది."

"అది టీవీల పిల్లకు గదా నాయినమ్మా."

"టీవీల పిల్ల నాకేమైతది? నేను నీ కోసం ఏడ్సిన. నీ గండం పోయింది. ఇగ పో, ఫౌజుకు."

తప్పు కనబడితే దిద్దకుండా ఊరుకునే అలవాటు నాకు లేదు. అది ఎవరో రాసిన కథ, అందులో కాకీ లేదు, గండమూ లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. వదినె పసిగట్టింది.

"నువ్వేం అనకు మరదలా. చదువు సంగతి నీకెరుక, ఏడ్పు సంగతి నాకెరుక."

కింద చెదిరిన బియ్యం చేటలోకి ఎత్తాను. పిల్ల అప్పటికే ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఉంది.

మొన్న వదినె పోయిన ఖబరు తెలిసి ఆ పిల్ల ఎక్కడో సరిహద్దు నుంచి నాకు ఫోన్ చేసింది. "అవ్వా, నాయినమ్మకు నా మీద కోపమేం లేకుండె గదా?" అని అడిగింది. ఓదార్పు కోసం ఏదో ఒకటి కల్పించి చెప్పవలసిన అవసరం నాకు రాలేదు. "లేకుండె బిడ్డా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుండె తేలికై, అప్పుడు ఏడ్చాను.

వదినె బతికుండగా, పిల్ల మొదటి సెలవుకు వచ్చిన రోజు కళ్ల ముందు మెదిలింది. అప్పుడు నేనూ నిర్ణాలో ఉన్నాను. పిల్ల అలసిపోయి లోపల నిద్రపోయింది. వసారాలో విడిచిన ఆమె బూట్లను వదినె చాలాసేపు చూసింది. అటూ ఇటూ తిప్పింది. తర్వాత గోడ పట్టుకుని వాటిలో కాళ్లు పెట్టింది. "వామ్మో, గింత బరువేసుకొని ఎట్ల ఉరుకుతదే!" అంది. కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని ఎండలోకి దిగింది. ఆ పెద్ద బూట్లలో టపటపమంటూ వాకిలి చివరి గోడ దాకా పోయి, వెనక్కి తిరిగి, నడుము నిటారుగా చేసి, నవ్వు ఆపుకుంటూ నా వైపు నడిచి వచ్చింది.