నాయన పిడికిట్లో రాయి

మా మనవరాలి రిమోట్ కారు పాడుబడిన పలకల గనిలోకి దూకింది. అంగట్లో దొరికే ఆటబొమ్మ కాదది. మోటారు, చక్రాలు మార్చుకుంటూ రాళ్లలో తోలే రకం. కింద దుమ్ము లేవగానే మనవరాలి రెక్క పట్టుకున్నాను.

చిన్నప్పుడు నాయన ఆ గనిలోనే రాతికి పేలుడు మందు పెట్టేవాడు. ఎన్ని బెజ్జాల్లో పెడితే అన్ని గులకరాళ్లు పిడికిట్లో పట్టుకుని, పేలుడుకొకటి పారేసేవాడు. చెయ్యి ఖాళీ అయితేనే కూలీలు దిగాలి. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

ఆరోజు నా తాటిబుర్రల బండి గనిలోకి దొర్లింది. పేలుళ్లు ఆగినా ఎవరూ కదల్లేదు. నాయన పిడికిలి విప్పలేదు. బెల్లం దాచాడనుకున్నాను.

"చెయ్యి తెరువు నాయనా, అంతా నేనే తిననులే."

"నోరు మూసుకో అమ్మీ."

"అయితే నా బండి తెచ్చుకుంటా."

జుట్టు పట్టి వెనక్కి లాగాడు. "కాలు పెట్టినావంటే ఇరగ్గొడతా!"

పేలకుండా మిగిలినదాన్ని మందు పెట్టినవాడే దిగి చూడాలి. చాలాసేపు ఆగి, పిడికిట్లోది నా చేతిలో పెట్టి దిగాడు. చూస్తే రాయి. కోపంతో విసరబోయాను. కూలీల్లో ఉన్న మా చిన్నమ్మ నా గుప్పిట మూసి పట్టుకుంది.

"పారేయొద్దు తల్లీ, మీ నాయన పైకొచ్చేదాకా."

ఆమె చెయ్యి చల్లగా ఉంది.

నాయన బండితో పైకొచ్చాడు. మరునాడు మళ్లీ పిడికిలి నిండా రాళ్లు పట్టుకున్నాడు.

"ఉండవ్వా, దిగి తెస్తా" అంది మనవరాలు.

"దిగొద్దు. దాన్నే రమ్మను."

రిమోట్ లాక్కుని మీట నొక్కాను. కారు మూలుగుతూ, ఎవరూ దిగకుండానే ఎక్కి వచ్చింది. ఆ రిమోట్ నేనింకా వదల్లేదు.