లోపల వదిలిన గుడ్డ

మా అన్నయ్య దర్జీ. బడి యూనిఫారాలు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. పెరిగే పిల్లలు కదా అని నడుము దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ ఎక్కువే వదిలి కుడతాడు. బిగుతైనప్పుడు పాత కుట్టు విప్పి, కాస్త జరిపి మళ్ళీ కుడితే ఏడాదంతా గడిచిపోతుంది. ఇంటి ముందుగదే మా కొట్టు. అన్నయ్య మిషను తొక్కుతాడు, నేను కాజాలు కుట్టి గుండీలు వేస్తాను. ఆ పనితనమే మా కొంప ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు!

అన్నయ్యకు ఒక్కతే కూతురు. పద్నాలుగేళ్ళు. కాస్త బొద్దుగా ఉండేది, అంతే. బళ్ళో ఎవరో దానికి పీపా అని పేరు పెట్టారు. ఆ మర్నాటినుంచి పొద్దున తినడం మానేసింది. వదినకు ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని, తెల్లారకముందే వెళ్ళిపోతుంది. రొట్టే గుడ్డూ పళ్ళెంలో పెట్టుకుని నేను వెంటపడితే, "ఆకలి లేదత్తా, పొద్దున్నే విసిగించకు," అని సంచి తగిలించుకుని పోయేది.

ఆకలి ఊరుకుంటుందా? పదకొండయ్యేసరికి బడి పక్క కొట్లో బిస్కట్లు, చిప్సు, కూల్‌డ్రింకు. ఖాళీ కవర్లు సంచి అడుగున నాకు దొరికేవి. సాయంత్రం ఇంటికొచ్చి ఆవురావురుమంటూ ఏది కనిపిస్తే అది తినేది. ఒళ్ళు తగ్గలేదు సరికదా, పెరిగింది. మొహంలో మాత్రం కళ పోయింది.

ఒక ఆదివారం అది స్నానానికి వెళ్ళినప్పుడు అన్నయ్య దాని స్కర్టు కుట్లు విప్పుతూ కనిపించాడు.

"దానికి చెప్పవా?" అన్నాను.

"చెప్తే ఏడుస్తుందే. పిల్ల రోజూ కడుపు మాడ్చుకుంటోంది. ఆ కాస్త తృప్తయినా ఉండనీ."

"దానికి కావలసింది తృప్తి కాదు, తిండి."

"పెడితే తింటోందా?"

నేను నోరున్న మనిషినే. ఆ తర్వాత మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాను. అన్నయ్య అలా నాలుగుసార్లు విప్పి కుట్టాడు.

"చూశావా అత్తా? ఏడాది కావస్తోంది, నడుము బిగుతవనేలేదు. పొద్దున తినకపోతే ఇదీ లాభం!" అని అద్దం ముందు గిరగిరా తిరిగేది. లాభమట! అన్నయ్య మిషను మీంచి తలెత్తేవాడు కాదు.

మొన్న బళ్ళో వ్యాయామం చేస్తూ, నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. ఆసుపత్రికి పరిగెత్తాం. కిందటేడు బడి కార్డులో రాసినదానికంటే పదకొండు కిలోలు ఎక్కువ తూగింది. నెత్తురులో చక్కెర ఆ వయసుకు ఉండకూడనంత ఉంది.

"పొద్దున తినకపోవడం ఒక్కటే కారణమని అనలేను," అంది డాక్టరమ్మ. "కానీ పొద్దున మానేసి, ఆ తర్వాత దొరికిందల్లా తినే పిల్లల్లో ఇది చాలా చూస్తున్నాను."

మా పిల్ల ఒప్పుకోలేదు. "మీ మిషనే తప్పు డాక్టరుగారూ. నా స్కర్టు చూడండి, కిందటేడు కుట్టిందే. మా నాన్న దర్జీ. కావాలంటే అడగండి."

డాక్టరమ్మ అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య నేలచూపులు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే అది స్కర్టు తిరగేసింది. నడుము లోపల వరసగా నాలుగు పాత కుట్ల సూది బెజ్జాలు. దర్జీ కూతురికి వేరే చెప్పాలా!

"నాలుగుసార్లా నాన్నా?"

"నువ్వు బాధపడతావని తల్లీ..."

"బళ్ళో వాళ్ళు పీపా అని మొహం మీదే అన్నారు. నువ్వు పైకి అనకుండా అనుకున్నావు. అంతేగా తేడా?"

అన్నయ్య చొక్కా కొనతో కళ్ళు తుడుచుకున్నాడు. అన్నీ తెలిసి ఊరుకున్నదాన్ని, నేను మాత్రం ఏ మొహంతో ఓదార్చను?

ఇప్పుడు పొద్దున తింటోంది. మందు మింగినట్టు, ఎవరితోనూ మాట్లాడకుండా. వారానికోసారి బరువు చూసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది కదా అని అన్నయ్య నిన్న బరువు చూసే మిషనొకటి కొనుక్కొచ్చి వంటగది గుమ్మం పక్కన పెట్టాడు. పిల్ల దాని మీద కాలు పెట్టబోయి ఆగింది.

"అత్తా, నాన్న దీన్నేమీ విప్పలేదు కదా?"

వెటకారానికి అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"లేదే తల్లీ," అన్నాను. నా మాట మాత్రం అది ఎందుకు నమ్మాలి? మందుల కొట్లో బరువు చూసుకొస్తానని, చెప్పులేసుకుని, తండ్రి పక్కనుంచే బయటికి వెళ్ళిపోయింది.