నాలుగో నిమ్మకాయ

నా బండి అందంగా ఉందని ఒప్పుకోని మనిషి మా వీధిలో ఒక్కరే ఉండేవారు, ఆవిడ మా అమ్మ. మిగతావాళ్ళు ఒప్పుకున్నారో లేదో నాకు తెలీదు. వాళ్ళు నోరు తెరిచేలోపు నేనే పొగిడేసుకునేవాణ్ణి కాబట్టి ఎవరికీ అవకాశం చిక్కలేదు.

రెండు తలుపుల పాత కూపే అది. వెనక భాగం పైకప్పు దగ్గర్నించి బంపరు దాకా ఒకే వాలుగా జారుతుంది. యాంగోన్ (మా పెద్దవాళ్ళకి రంగూన్) రోడ్ల మీద ఇప్పుడు తిరిగేవన్నీ జపాన్ నించి దిగిన తెల్ల డబ్బాలు. ఏది టాక్సీయో ఏది డాక్టరుగారిదో చెయ్యెత్తి ఆపితేగాని తెలీదు. అలాంటి ఊళ్ళో ఈ బండి మా ఇంటికి రావడానికి కారణం మా నాన్న. ముప్పై ఏళ్ళు దానికి ఆయనే డ్రైవరు. బండి యజమానిని అందరూ సాయా అనేవాళ్ళు. చదువుకున్న పెద్దవాళ్ళని బర్మాలో అలాగే పిలుస్తారు. సాయా ముసలివాడై ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, తాళం చెవి మా నాన్న చేతిలో పెట్టి, నీ తరవాత దీన్ని ఎవరూ సరిగ్గా చూడరు, నువ్వే ఉంచుకో అన్నాడట. నాన్న ఉంచుకున్నాడు. టార్పాలిన్ కప్పి ఉంచుకున్నాడు. ఆయన పోయాక కూడా అది ఆ టార్పాలిన్ కిందే చాలా ఏళ్ళు తుప్పు పట్టింది.

అమ్మ సంగతి చెప్పాలి. ఆ బండి సీట్లకి తెల్లటి గుడ్డ తొడుగులుండేవి. ప్రతి ఆదివారం నాన్న వాటిని విప్పి తెచ్చేవాడు. అమ్మ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. చిరిగితే కుట్టేది, పాతబడితే కొత్తవి కత్తిరించి కుట్టేది. ఆ సీట్ల కొలతలు ఆవిడకి నా చొక్కా కొలతల కంటే బాగా తెలుసు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వాటి మీద కూర్చోలేదు. నాన్న ఒప్పుకునేవాడు కాదు. యజమాని బండిలో పెళ్ళాన్ని తిప్పితే రేపు మాటొస్తుంది అనేవాడు. నాన్న బండి నడుపుకుంటూ వీధిలోంచి వెళ్తుంటే అమ్మ కిటికీలోంచి చూసేది. నన్నడిగితే నాన్నని కాదు, తొడుగుల్ని చూసేది.

అందుకే రెండేళ్ళ కింద నేను టార్పాలిన్ తీసి, బండి బాగుచేసి అమ్మని ఎక్కించి మా పేటలోని తెలుగువాళ్ళ అమ్మవారి గుడికి తీసుకెళ్తానని అందరి ముందూ చెప్పాను. మింగళాడోన్ వైపు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే ఉద్యోగం నాది. వెయ్యి మిషన్లు విప్పి బిగించినవాడికి ఒక కారు లెక్కా అన్న పొగరు కూడా నాదే.

ఇంజను బాగుపడింది. బ్రేకులు బాగుపడ్డాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కాని ఒకరోజు ఫోనులో ఒక వీడియో చూశాను. అచ్చం మన బండి లాంటిదే ఒక ఎర్ర కూపే, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో, వెనక చక్రాల మీద రేకు మూతలతో, చక్రమే లేనట్టు తేలిపోతూ వస్తోంది. ఆ మూతల్ని ఫెండర్ స్కర్టులంటారని ఆ రోజే తెలిసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా వీధి చివర షాపున్న బర్మా వెల్డరుకి మర్నాడు ఆ వీడియో చూపించాను. అతను రెండుసార్లు చూసి, బండికి లుంగీ కడతావన్నమాట అన్నాడు. అప్పటినించి వీధి మొత్తానికీ అవి లుంగీలే.

కరెంటు ఉన్న గంటల్లోనే వెల్డింగు. అది ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి నేనూ వెల్డరూ బల్బు వంక చూస్తూ టీలు తాగడమే ఎక్కువ. ముందు టీ పొడి అట్టపెట్టెలు కోసి మూత ఆకారం తీశాం. దాని ప్రకారం రేకు కోసి, ఇసక బస్తా మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తెచ్చాం. తీరా పెట్టి చూస్తే చుట్టూ వేలు దూరేంత సందు. అమ్మ వచ్చి ఆ అట్టని చూసి, అంచు మడతకి అరంగుళం వదలకుండా ఎవడు కత్తిరిస్తాడు, జాకెట్టయితే పారేసేదాన్ని అంది. వెయ్యి కుట్టుమిషన్లు బాగుచేసినవాణ్ణి, కుట్టుకి గుడ్డ వదలాలన్న సంగతి నాకు తట్టలేదు. రెండోసారి ఆవిడే పాత పేపరు మీద కత్తిరించి ఇచ్చింది. అతికినట్టు సరిపోయింది.

మూతకి బయట ఒక్క మేకు గాని, బోల్టు గాని కనపడకూడదని నా పట్టుదల. అందుకని బోల్టులు లోపలివైపు, అడుగునించి బిగించేట్టు పెట్టించాను. తరవాత వెనక కమాను కట్టలకీ ఇరుసుకీ మధ్య ఇనప దిమ్మలు వేసి, ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోసి బండిని దించాం. ఈ పనంతా వెల్డరు షాపులో, బండిని గొలుసు కప్పీతో పైకి వేలాడదీసి చేశాం. చివరికి గొలుసు వదిలితే బండి మెల్లిగా కిందికి దిగి, దిగి, ఇంకా దిగి, పిల్లి కూర్చున్నట్టు కూర్చుంది. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఎదురుగా టీకొట్టులో కూర్చున్నవాళ్ళు లేచి వచ్చి చూశారు.

అమ్మ కూడా వచ్చి చూసింది.

"సక్రాలకి మూతలెట్టినావు, బాగుంది. మరి బండెందుకురా సతికిలపడిపోనాది?" అంది.

అదే స్టైల్ అని చెప్పాను. ఆవిడ తలుపు తీసి ఎక్కబోయింది. ఒక కాలు లోపల పెట్టింది. వంగింది. మోకాళ్ళు సగందాకా ఒప్పుకుని అక్కడ ఆగిపోయాయి. తలుపు పట్టుకుని కాసేపు అలాగే ఉండి, కాలు బయటికి తీసేసుకుంది. మోకాళ్ళ నొప్పులున్న డెబ్భై ఏళ్ళ మనిషి కోసం బాగుచేసిన బండిని మనిషి కూర్చోలేనంత కిందికి దించానని నాకు అప్పుడు తెలిసింది. అయినా దిమ్మలు తీసేస్తానన్న మాట నా నోట రాలేదు. అంత అందం చేతులారా ఎలా పాడుచేస్తాను? రెండు దిండ్లు వేసి చూద్దామన్నాను. దిండ్ల మీద నా భార్యని కూర్చోబెట్టి చూస్తే తల పైకప్పుకి తగిలింది. అత్తయ్యగారు మెడ వంచుకుని గుడికి వెళ్ళాలా అని అడిగింది.

అమ్మే పరిష్కారం చెప్పింది.

"మీరెల్లండి. నానిక్కడ్నించి సూస్తాను."

ఆవిడ దెప్పుతూ అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. అలవాటైన పని కదా.

శుక్రవారం పొద్దున్న పూజ. బండిని షాపులోంచి మా ఇంటిముందుకి తోసుకొచ్చాం. అమ్మ పెట్టెలోంచి తెల్ల తొడుగులు తీసింది. బయట స్టూలు మీద కూర్చుని, ఏ మూల ఎలా లాగాలో కోడలికి చెబుతూ తొడిగించింది. వెల్డరు తన వంతుగా తబ్యే ఆకుల కొమ్మ తెచ్చి ముందు బంపరుకి కట్టాడు. ఈ ఊళ్ళో ఏ బండికైనా ముందు శుభానికి ఆ ఆకు ఉండాలి. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, అమ్మ బండి చుట్టూ నాలుగు నిమ్మకాయలు తిప్పి దిష్టి తీసింది. ఇక వాటిని నాలుగు చక్రాల కింద పెట్టి తొక్కించాలి. ముందు చక్రాలకి ఇబ్బంది లేదు. వెనక చక్రాలు ఎక్కడున్నాయో కనపడితే గదా. నా భార్య నేలమీద కూర్చుని, మూత కిందినించి చెయ్యి దూర్చి, తడుముకుంటూ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పెట్టింది.

నేను బండి స్టార్ట్ చేసి ఒక అడుగు ముందుకి కదిలించాను. చప్పుళ్ళు వినపడ్డాయి. నాలుగూ అయిపోయాయని దిగబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మూడే ఇన్నాను. నాలుగోది పగలనేదు."

నేను నాలుగు విన్నానన్నాను. టీకొట్టువాళ్ళు కొందరు మూడన్నారు, కొందరు నాలుగన్నారు, ఒకాయన ఐదన్నాడు. వీధిలో పడుకుని ఫోను లైటు వేసి చూశాను. ఎడమవైపు మూతకీ టైరుకీ మధ్య, చెక్కు చెదరకుండా, నిమ్మకాయ. కర్ర పెట్టి పొడిస్తే ఇంకా లోపలికి పోయింది. చీరలు తగిలించే హ్యాంగరు వంచి లాగితే హ్యాంగరు కూడా అక్కడే ఉండిపోయింది. ఐదోది పెట్టి తొక్కించేద్దామమ్మా అన్నాను.

"దిష్టి తీసిన నిమ్మకాయిని ఒళ్ళో ఎట్టుకుని అమ్మోరి కాడికెల్తామేటి?" అంది.

సరే, మూత విప్పుదామనుకున్నాను. బోల్టులు లోపలున్నాయి. అడుగున దూరాలంటే బండి లేపాలి. జాకీ తెచ్చాను. జాకీ బండి కంటే ఎత్తుగా ఉంది. ఒకవైపు చక్రం కింద పలక పెట్టి ఎక్కిద్దామంటే, ఆ చక్రం మూతలో ఉంది. షాపుకి వెనక్కి తోసి కప్పీకి తగిలిద్దామన్నాడు వెల్డరు. పూజ చేసి కదిలిన బండి వెనక్కి పోకూడదని అమ్మ ముందే తేల్చేసింది. బోల్టు కనపడకూడదని నేను పడ్డ తాపత్రయం అంతా ఫలించింది. నిజంగానే ఎవరికీ కనపడటం లేదు, నాతో సహా. తల ప్రాణం తోకకొచ్చి, ఆ నడివీధిలో జాకీ పట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో టీకొట్టులోంచి ఒకాయన చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే ఇంకొకాయన. అమ్మవారి రథం రోజున కూడా తాడు పట్టుకోవడానికి వీళ్ళే వస్తారు. తెలుగువాళ్ళు, బర్మావాళ్ళు, పక్క సందులో బిర్యానీ వండే భాయి కూడా. మొత్తం ఎనిమిది మంది. వెనక బంపరు దగ్గర నలుగురు, ఎడమవైపు పక్కనంతా నలుగురు వంగారు. ఆ పక్క తలుపు తొడుగులు వేసినప్పట్నించీ తెరిచే ఉంది. నిమ్మకాయ మీద నిఘా వేసి అమ్మ ఆ తలుపు పట్టుకునే నిలబడింది. కొంచెం జరగమ్మా అని నేనంటే వినిపించుకోలేదు.

వెల్డరు బర్మా భాషలో లెక్కపెట్టాడు. తిత్, హ్నిత్, తౌన్.

బండి లేచింది. చక్రాలు కిందే ఉండి, పైభాగం జానెడు పైకొచ్చింది. దానితోపాటు మూతా లేచింది, దాని కిందినించి హ్యాంగరు జారిపడింది, నిమ్మకాయ దొర్లి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను అది తీసుకుని విజయగర్వంతో తలెత్తేసరికి అమ్మ తలుపు దగ్గర లేదు.

లోపల కూర్చుని ఉంది.

లేచిన బండిలో సీటు సరిగ్గా ఆవిడ మోకాళ్ళ ఎత్తుకి వచ్చింది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అటు తిరిగి కూర్చుని, కాళ్ళు ఒక్కొక్కటీ లోపలికి తీసుకుంది. తొడుగు అంచు మడత పడితే అలవాటు చొప్పున అరచేత్తో సరిచేసింది. రెండోవైపు కూడా సరిచేయబోయి ఆగింది. ఆ వైపు తన చీర ఉంది. తనే దాని మీద కూర్చుని ఉందన్న సంగతి అప్పుడు తట్టినట్టుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకి చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు నటించాను.

బరువు మోస్తున్నవాళ్ళకి ఇదంతా తెలీదు. నిమ్మకాయ దొరికిందా, దించమంటావా అని వెల్డరు అరిచాడు. అత్తయ్యగారు లోపలున్నారు, మెల్లిగా దించండని నా భార్య చెప్పింది. మెల్లిగా దించారు. నిమ్మకాయని ఈసారి వెల్డరే చెయ్యి దూర్చి చక్రం కింద సరిగ్గా పెట్టాడు. నేను ఒక అడుగు కదిలించాను. పగిలిన చప్పుడు వీధి మొత్తానికి వినపడింది. అమ్మ తలూపింది.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఎక్కించాం, సరే. గుడి దగ్గర దింపేదెలా? వెల్డరుకి నా ముఖం చూడగానే అర్థమైంది. ఎనిమిది మందితో బర్మా భాషలో ఏదో అన్నాడు. వాళ్ళు నవ్వి, టీ గ్లాసులు కొట్టులో ఇచ్చేసి వచ్చారు. గుడి మూడు సందుల అవతల. నేను బండి నడిపితే వాళ్ళు పక్కన నడిచారు. దారిలో రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒక కాలవ మూత. మూడుచోట్లా బండి కడుపు నేలకి రాసుకోకుండా ఎత్తి దాటించారు. వెనక తెల్ల డబ్బాల వరుస హారన్లు కొడుతుంటే, అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇళ్ళ కిటికీల వైపు మాత్రం చూసింది. అన్నిటివైపూ చూసింది.

గుడి ముందు బండి ఆపాను. వెల్డరు లెక్కపెట్టాడు. ఎనిమిది మందీ జానెడు ఎత్తి పట్టుకున్నారు. నా భార్య తలుపు తీసి చెయ్యందించింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. సీట్లోంచే గర్భగుడి వైపు చూసి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది. తరవాత నావైపు తిరిగింది.

"ఇక్కడ్నించి అమ్మోరు బాగానే అగుపిస్తంది. నాను దిగను. తలుపేసి, ఇంకో సుట్టు తిప్పు."

బండి ఎత్తి పట్టుకున్న ఎనిమిది మందీ నావైపు చూశారు. దించమని చెయ్యి ఊపాను.