దొడ్డికి పోని మేకలు

కరుణాకరం ఫారెస్టు సెక్షన్ ఆఫీసరుగా రిటైరై గిద్దలూరులో ఇల్లు కట్టుకున్న నాలుగేళ్లకు సాక్ష్యానికి రమ్మని మార్కాపురం కోర్టు నుంచి సమను వచ్చింది. ఆయన పనిచేసిన అడవి పక్క ఊరి చెంచులక్ష్మి సర్కారు మీద నష్టపరిహారం దావా వేసింది. ఆయన సర్వీసులో ఉండగా, అడవిపందుల కోసం అదే ఊరి అంకన్న గడ్డిలో దాచిన నాటుబాంబు మీద కొడవలి పడి, ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. అంకన్న ఫారెస్టోళ్ల ఇన్‌ఫార్మరనీ, వాళ్ల అండ చూసుకునే ఇంతకు తెగించాడనీ ఆమె వాదన. అట్లాంటి మనిషి మాకెవరూ లేరని సర్కారు జవాబు.

కాగితం మీద లేడు, నిజమే. ఇన్‌ఫార్మర్ పేరు ఎక్కడా రాయరు. కలప దుంగల దొంగల ఆచూకీ చెప్పినందుకు, అంకన్న మేకలు రిజర్వు అడవిలో మేసినా కరుణాకరం చూడనట్టు పోయేవాడు. ఊళ్లో అందరి మేకలూ ఎప్పుడో ఒకప్పుడు బందెలదొడ్డికి పోయినవే, అతనివి తప్ప. అందుకే ఊరికంతా తెలుసు.

కోర్టు వరండాలో చెంచులక్ష్మి ఎదురైంది.

"చిక్కిపోయినావే సారూ. రిటైరైనాక మా మేకపిల్లలు అందడం లేదేమో."

ఆయన నవ్వి దాటిపోబోయాడు.

"బాంబుల సంగతి మా ఆయన ఎర్రయ్య నీకు ముందే చెప్పినాడా? చెప్పినానని రోజూ ఏడుస్తాడు. నేనే నమ్మలా. అదొక్కటి చెప్పు సారూ, కోర్టు సంగతి తర్వాత."

ఎర్రయ్య వచ్చిన మాట నిజం. కరుణాకరం అతన్ని కసిరి పంపాడు. ఆ సాయంత్రమే అంకన్నను పిలిచి, "నిన్ను ఎవరో చూసినారంట. చోటు మార్చుకో" అన్నాడు. అంకన్న వాటిని వాగు అవతలికి మార్చాడు. మూడోనాడు చెంచులక్ష్మి గడ్డికి పోయింది అక్కడికే.

ఆమెకు బదులు చెప్పేలోపే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"అంకన్న మీ ఇన్‌ఫార్మరా?" ఆమె వకీలు అడిగాడు.

గుర్తు లేదనాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చాడు. "అవునండీ. మా మనిషే."

"బాంబుల గురించి మీకు ముందే తెలుసా?"

"ఎర్రయ్య చెప్పినాడండీ. నేనే పట్టించుకోలేదు."

"ఆ తర్వాత ఏమైనా చేశారా?"

కరుణాకరం బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమీ చెయ్యలేదండీ."

బయటికి వచ్చేసరికి, తలుపు దగ్గర నిలబడి అంతా విన్న చెంచులక్ష్మి గోడకానుకుని ఏడుస్తోంది. ఆయన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా మొగుడు అబద్ధం ఆడలేదని ఈ పొద్దు తెలిసింది. ఈ మాత్రం చెప్పినావు, చాలు సారూ."

చాలదని అనడానికి ఆయనకు నోరు రాలేదు.