ఎర్ర చుక్కలు తోమేసిన రోజు

మా అమ్మాయి వాళ్ల ఇల్లు ఈ దేశానికి దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్ ఊరు దాటాక, గాలికి ఏ అడ్డూ లేని చోట ఉంది. పొద్దున్నే కూతురు ఒక కారులో, అల్లుడు ఇంకో కారులో, మనవరాలు బడి బస్సులో వెళ్లిపోతే సాయంత్రం దాకా ఫ్రిజ్ చప్పుడూ నేనూ మిగులుతాం. హీటరు ఒక్క గదిలోనే వేసుకుంటాను. ఒక్క మనిషి కోసం ఇల్లంతా వేడెక్కించడం నాకు నచ్చదు. టీవీలో వాళ్ల మాట నాకు అర్థం కాదు. నన్ను మూడో తరగతితో బడి మాన్పించారు. ఇంగ్లీషు అక్షరాల మాట అటుంచి, తెలుగే కూడబలుక్కుని చదువుతాను.

కంచె అవతల ఇంట్లో ఒక పెద్దాయన ఉంటాడు. మా కూతురు చెప్పిన ప్రకారం భార్య పోయి చాలా ఏళ్లు. ఆయనతో పరిచయం కుందేళ్ల వల్ల అయింది. నేను పెరట్లో వేసిన మెంతికూర మడిని అవి మొదలంటా కొరికేస్తుంటే, ఒకరోజు ఆయన కంచె దగ్గరికి వచ్చి మడి వైపు, తర్వాత తన షెడ్డు వైపు చూపించాడు. ఆ వారంలో కుందేళ్లు తగ్గాయి. ఊరికే సాయం పొందడం నాకు అలవాటు లేదు. గిన్నెడు నిమ్మకాయ పులిహోర తీసుకుని ఆయన షెడ్డుకు వెళ్లాను. అలా మొదలైంది.

ఆయనది సన్నటి గొట్టం ఉన్న తుపాకి. దానికి తూటాలు షాపులో కొనడు. కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులను ఏరుకొచ్చి, శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, చిన్న త్రాసులో తుపాకి మందు తూచి పోసి, పైన గుండు నొక్కుతాడు. వాడిన వస్తువును మళ్లీ వాడే మనిషి కనిపించేసరికి నాకు గౌరవం కలిగింది. ఈ దేశంలో చాలామంది ఒక్కసారి వాడి పారేస్తారు. కానీ ఆయన పొదుపు కోసం మాత్రమే చేయడం లేదని తర్వాత మా అమ్మాయి అడిగి చెప్పింది. ప్రతి తూటాలో మందు ఒకే తూకం ఉంటే గుండు అనుకున్న చోటికే వెళ్తుందట. కుందేలు చిన్నది, దూరంగా ఉంటుంది. దెబ్బ పక్కకు తగిలితే అది బొరియలోకి పాక్కుంటూ పోయి రోజుల తరబడి చస్తుంది. అలా చంపడం తన వల్ల కాదన్నాడట.

నేను రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆయన బల్లకు ఈ చివర కూర్చునేదాన్ని. తుపాకీ, మందు ఇనప బీరువాలో తాళం వేసి ఉండేవి. ఆయన తీస్తేనే బయటికి వచ్చేవి. నేను బియ్యమో పప్పో చేటలో పోసుకుని రాళ్లు ఏరేదాన్ని. ఇక్కడి పప్పులో రాళ్లు ఉండవు. అయినా చేతికి పని కావాలి. గుడ్, నో గుడ్, టీ. మా ఇద్దరికీ ఈ మూడు మాటలే సరిపోయేవి. ఊరి నుంచి వచ్చాక నేను ఒకరి ఎదురుగా మాట్లాడకుండా హాయిగా కూర్చున్నది అక్కడే.

చలికాలం మొదట్లో ఒకరోజు ఆయన కళ్ల డాక్టరు దగ్గరికి ఊళ్లోకి వెళ్లాడు. షెడ్డు తలుపు తీసే ఉంది. బల్ల మీద చెక్క పళ్లేల్లో ఖాళీ తొడుగులు వరసగా నిలబెట్టి ఉన్నాయి, రెండు వందల దాకా. నల్లబడి, మసిపట్టి ఉన్నాయి. నాకు ఇత్తడి కనిపిస్తే చెయ్యి ఆగదు. ఆ పూట చారుకు పిండిన చింతపండు పిప్పి ఇంట్లో ఉంది, కట్టెల పొయ్యిలో బూడిద ఉంది. అన్నిటినీ స్టీలు గిన్నెలోకి ఎత్తుకుని పెరటి మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ తోమాను. అడుగున ఎర్ర సిరా మరకలేవో ఉన్నాయి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి నాలుగైదు. మొండి మరకలు. గోటితో గీకి మరీ వదిలించాను. కడిగి, పొయ్యి పక్కన గుడ్డ మీద ఆరబోసి, గిన్నెలో పోసి, ఆయన వచ్చేసరికి బల్ల మీద పెట్టాను. దేవుడి ముందు కుందుల్లా మెరుస్తున్నాయి.

ఆయన ఒకటి తీశాడు. తిరగేసి అడుగు చూశాడు. ఇంకొకటి తీశాడు. నాలుగోది చూశాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. నా వైపు చూడలేదు. బల్ల కింద నుంచి చిత్తు లోహం వేసే బకెట్టు లాగి, గిన్నె మొత్తం అందులో ఒంపేశాడు. ఆ చప్పుడు చాలాసేపు నా చెవుల్లో ఉంది.

సాయంత్రం మా అమ్మాయి వెళ్లి మాట్లాడి వచ్చింది. చెప్పుల్లోంచి కాళ్లు తీయకుండానే చెప్పడం మొదలెట్టింది.

“ఏంటమ్మా నువ్వు చేసిన పని? ఒక్కో షాట్‌కి ఒక్కో డాట్ పెట్టుకుంటాడట ఆయన. ఏది ఎన్నిసార్లు కాల్చాడో దాన్ని బట్టే తెలుస్తుంది. కాల్చిన కొద్దీ లోపల ఇత్తడి సాగిపోయి పల్చనవుతుందట. ముసలైపోయిన తొడుగు ఎక్కిస్తే అది తెగి, వేడి గాలి వెనక్కి కంట్లోకి తంతుందట.”

“నాకేం తెలుసు? మరకనుకున్నాను.”

“అడగొచ్చుగా.”

“ఏ భాషలో అడగను?”

అది చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయింది. చదువు లేదని నన్ను నలుగురిలో చిన్నబుచ్చినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. అలాంటి నేను ఒక మనిషి గుర్తుగా పెట్టుకున్న లెక్కను గోటితో గీకి చెరిపేశాను.

మర్నాడు పులిహోర కలిపి తీసుకెళ్లాను. మా ఆయన ఉన్న రోజుల్లోనూ తప్పు నాదైనప్పుడు వంటే పెట్టేదాన్ని, నోటితో చెప్పేదాన్ని కాదు. షెడ్డు తలుపు వేసి ఉంది. లోపల రేడియో వినిపిస్తోంది. తట్టకుండా వెనక్కి వచ్చి ఆ పులిహోర రెండు పూటలూ నేనే తిన్నాను. తర్వాత మూడు రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాను. నాలుగున్నరకే వెలుతురు తగ్గిపోయేది. అయినా ఈ దేశం వచ్చిన ఆరేళ్లలో అంత పొడుగు పగళ్లు నాకెప్పుడూ అనిపించలేదు. ఆ రెండు వందల తొడుగులూ చెత్తలో పోతే ఆ తలుపు ఇక నాకు తెరుచుకోదని అనిపించింది.

ఐదో రోజు వెళ్లి తలుపు తట్టాను. ఆయన తీశాడు.

“సారీ,” అన్నాను. నా జన్మలో ఎవరికైనా ఆ మాట చెప్పడం అదే మొదలు. అదీ నాది కాని భాషలో.

ఆయన తలూపి, పక్కకు జరిగి నన్ను లోపలికి రానిచ్చాడు. బకెట్టులోంచి ఒక తొడుగు తీసి, రంపంతో నిలువునా కోసి నా చేతిలో పెట్టాడు. లోపల, అడుగుకు కాస్త పైన, వెంట్రుకంత గీత చుట్టూ తిరిగి ఉంది. తర్వాత కొస వంచిన సన్నటి తీగ ఒకటి తీశాడు. దాన్ని లోపలికి దించి పైకి లాగితే ఆ గీత దగ్గర కొక్కెం తట్టుకోవాలి. ఆయన లాగి, తన వేళ్లు చూపించి, తల అడ్డంగా ఊపాడు. వేళ్లకు స్పర్శ పోయిందని అర్థమైంది. దగ్గరివి చూడాలంటే కళ్లూ అంతంతమాత్రం. అందుకే ఆ చుక్కలు.

తీగ నేను తీసుకున్నాను. మొదటిది జారుతూ వచ్చింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో చిన్న గతుకు తగిలింది, అన్నంలో పలుకు పంటికి తగిలినట్టు.

“నో గుడ్,” అన్నాను.

ఆయన దాన్ని కోశాడు. గీత ఉంది. నేను గుడ్ అన్నవి నాలుగు తీసి అవీ కోశాడు. గీత లేదు. అలా పరీక్ష పెట్టాక కుర్చీ నా వైపు జరిపాడు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. చినిగిన చీరను కూడా పొయ్యి గుడ్డగా వాడే నేను, కొంచెం అనుమానం తగిలినదాన్నల్లా బకెట్టులో పడేశాను. ఆయన కన్ను నా వేలి మీద ఆధారపడి ఉంది. ఇక్కడ పొదుపు చేయకూడదు. నూటపది మిగిలాయి. వాటిలో పదింటిని ఆయన సిద్ధం చేసి, శనివారం పొద్దున్న తన ఇంటి వెనక ప్యాడక్‌లో, అంటే కంచె వేసిన గడ్డి బీడులో, కాగితం గుంజకు కట్టి కాలుస్తానని వేళ్లతో చూపించాడు.

ఆ పొద్దున్న ఇంట్లో వాళ్లు షాపింగ్‌కు వెళ్లారు. నేను వంటింట్లో నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టాను. తొమ్మిది వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. పొయ్యి కట్టేసి, శాలువా లేకుండానే, మంచు పట్టిన గడ్డి మీద నడిచి వెళ్లాను. ఆయన చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. కదలడం లేదు.

దగ్గరికి వెళ్లేసరికి తల తిప్పి, చెయ్యెత్తి ఆగమన్నాడు. దూరంగా కర్రకు కట్టిన రిబ్బను ఎగురుతోంది. గాలి తగ్గాలి. నేను చెవులు మూసుకుని నిలబడ్డాను. రిబ్బను వాలింది. పదోది పేలింది.

కాగితం తెచ్చి చూపించాడు. పది దెబ్బలూ కలిసి ఒక్క చిరుగైపోయాయి. నా బొటనవేలు పెడితే కనిపించలేదు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి నాకిచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని నూటపదింటి అడుగునా, పాత లెక్క తెలియదు కాబట్టి, పెద్ద గీత ఒకటి గీశాను. ఆ పొద్దున్న కాల్చిన పదింటికీ పక్కన ఒక చుక్క పెట్టాను. టీ తాగాం.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎవరూ రాలేదు. ఫ్రిజ్ చప్పుడు అలాగే ఉంది. గిన్నెలో చింతపండు పిప్పి ఉంది, అంట్లు ఉన్నాయి. వేళ్లకు ఎర్ర సిరా అంటుకుంది. కుడి చేతిని తడవకుండా ఎత్తిపెట్టుకుని, ఎడమ చేత్తో తోమడం మొదలుపెట్టాను.