జడ కోసుకున్న పిల్ల కథ

నా చిన్నప్పుడు, కర్ణాటకలో చింతామణి పక్కన మా ఊళ్ళో, అందరూ మా ఇంటిని పెద్దిల్లు అనేవారు. పేరు పెద్దదే కానీ, అప్పటికే పొలమంతా చేతులు మారిపోయింది. మిగిలింది ఇల్లు, ఇంటి పద్ధతి. ఆ పద్ధతిలో మొదటిది ఆడవాళ్ళ జుట్టు. పెళ్ళి కాని పిల్లకు జడ, పెళ్ళయినామెకు కొప్పు. విరబోసుకుని వాకిట్లోకి రావడం ఉండదు. కత్తెర తగలడం అసలే ఉండదు. "పొలం పోతే పోయింది, కొప్పు పోలేదు కదా," అనేది మా అవ్వ, నాన్నగారి తల్లి. ఆ మాట అనేటప్పుడు ఆమె వీపు నిటారుగా ఉండేది. నాదీ అంతే, ఈ వయసులోనూ.

అవ్వ కూతురు, మా చిన్నత్త, భర్తతో పొసగక మదనపల్లె నుంచి పుట్టింటికి వచ్చేసింది. ఆమె జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. తలంటుకున్న రోజు ఆరబెట్టుకోవడానికే ఒక పూట పట్టేది. ఆ ఏడు ఆమెకు చిక్కబళ్ళాపురంలో నర్సు శిక్షణకు సీటు వచ్చింది. అవ్వ ఔననలేదు, కాదనలేదు. ఒంటరిగా ఊరు దాటే ఆడదీ, జుట్టు కోసుకుని తిరిగే ఆడదీ ఒకటేనని మాత్రం అంది.

మా ఊళ్ళో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది కన్నడ. మా వీధిలో తెలుగు అక్షరాలు చదవగలిగింది చిన్నత్త ఒక్కతే. వారపత్రికల్లోంచి చించి దారంతో కుట్టుకున్న ఒక సీరియల్ ఆమె పెట్టెలో ఉండేది. ఆ చలికాలం మధ్యాహ్నాలు అవ్వా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతూ కూర్చుంటే, చిన్నత్త ఆ కథ రోజుకింత చదివి వినిపించేది. కథలో అత్తింటి నుంచి వచ్చేసిన పిల్ల పట్నంలో అద్దం ముందు నిలబడి, తన జడ తానే కోసుకుని, ఉద్యోగంలో చేరుతుంది.

అది విన్న రోజు పక్కింటి పెద్దమ్మ చేతిలో గింజ జారిపోయింది. "జడ కోసిందా! ఇంగ మొగుడు ఏలుకున్నట్టే!" అంది.

"ఏలుకునేటోడైతే ఆయమ్మ కత్తెర ఎందుకు పట్టుకుంటాది?" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

రోజులు గడిచేకొద్దీ నవ్వు తగ్గింది. ఆ పిల్ల తన జీతంతో ఒక గది తీసుకుంది. దబాయించిన పైఅధికారికి ఎదురు జవాబు చెప్పింది. వానలో తడిస్తే తువాలుతో రెండుసార్లు తల తుడుచుకుని పనికి పోయింది. ఈ చివరి దానికి పెద్దమ్మే తల ఊపి మెచ్చుకుంది. చిన్నత్త రావడం ఆలస్యమైతే అవ్వే, "ఆ బిడ్డ ఏం చేస్తాండాదో, వచ్చి చదువు," అని పిలిచేది.

కన్నడ చదివే కళ్ళకు తెలుగు అక్షరాలు మరీ కొత్తవి కావు. చిన్నత్త పక్కన కూర్చుని చాలావరకు పట్టేశాను. తెలియనివి ఆమే చెప్పేది. ఒకరోజు ఆమె తలంటుకుంటుండగా ఆ పుస్తకం తీసి, చివరి పేజీలు కూడబలుక్కుని చదివాను. అందులో ఆ పిల్ల జబ్బు పడుతుంది. అద్దం చూసుకుని ఏడుస్తుంది. కోసిన జుట్టు మీద కొంగు కప్పుకుని వెళ్ళి అత్తగారి కాళ్ళ మీద పడుతుంది. వెనక్కి తిప్పాను. గది లేదు, ఎదురు జవాబు లేదు, వాన లేదు. జడ కోసుకున్న తర్వాత చిన్నత్త చదివిందేదీ అందులో లేదు.

మా ఇంట్లో అబద్ధం ఆడరన్న గర్వం నాకు తొమ్మిదేళ్ళకే ఉండేది. ఆ మధ్యాహ్నం అందరి ముందూ నిలబడి చెప్పేశాను. "అత్త చదివేది దాంట్లో లేదు. ఆ పిల్ల కడాకు వాళ్ళ అత్తగారి కాళ్ళ మీద పడతాది."

పితికే చేతులు ఆగిపోయాయి. చిన్నత్త ముఖం పాలిపోయింది. ఆమె చిక్కబళ్ళాపురం ప్రయాణం నా నోటితో ఆగిపోయినట్టేనని నాకూ తెలిసింది, మాట బయటపడ్డాక.

"ఉండేది ఉన్నట్టు చదువు," అంది అవ్వ. చిన్నత్త చదివింది. ఒక్క మాట మింగలేదు. కాళ్ళ మీద పడేదాకా చదివి పుస్తకం మూసింది.

అవ్వ చేతిలోని గింజ పితికి పక్కన వేసింది. "ఈయమ్మ ఎవురో నాకు తెలీదు," అంది. "నేను ఇన్నాళ్ళూ విన్న బిడ్డ ఇట్లా పడదు. రాసినోళ్ళకి ఆ బిడ్డ సంగతి తెలీదు." తర్వాత కూతురి వైపు తిరిగింది. "నీకు తెలుసు. పో, పోయి చేరు."

"అయితే ఇంగ మాకెవురు చదివేది?" అంది పెద్దమ్మ.

అవ్వ నన్ను చూపించింది. "ఇదో, ఉన్నదున్నట్టు చదివేది ఇంట్లోనే ఉండాది కదా!" అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేకపోయాను.

చిన్నత్త నన్ను ఒక్క మాట అనలేదు. బస్సెక్కే ముందు రోజు కూడా కూర్చోబెట్టి, నాకు రాని ఒత్తులు దిద్దించింది. మొదటి సెలవుకు మెడ దాకా కోసిన జుట్టుతో దిగింది. అవ్వ ఆమెను పీట మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. గిన్నెలో సగం మిగిలిపోయింది. "నూనె కలిసొచ్చిందిలే," అంది. అంతకు మించి ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆనాడు నేను అబద్ధం ఆడలేదు. అయినా తప్పు నాదేనని ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒప్పుకోవడం మా వంశానికి తేలిగ్గా రాదు. తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. చాలావాటిలో జడ వేసుకున్నామె మంచిది, విరబోసుకున్నామె చెడ్డది, కోసుకున్నామె ఏడవాల్సిందే. ఇప్పటికీ ఏ కథలోనైనా ఆడపిల్ల కత్తెర చేతికి తీసుకుంటే, అక్కడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంటాను. ఆ పిల్ల తర్వాత ఏం చేస్తుందో ముందు నాకు నేనే చెప్పుకుంటాను. రాసినవాళ్ళ మాట ఆ తర్వాతే వింటాను.